రెండు స్వరాల నడుమ



పొలంలో రెండు మోటార్లు పక్కపక్కనే నడుస్తుంటే ఎప్పుడైనా ఆగి విన్నారా? పోనీ, ఒకే గదిలో రెండు పాత టేబుల్ ఫ్యాన్లు తిరుగుతుంటే? రెండూ ఒకేలా రొద పెడుతున్నట్టుంటాయి. కాసేపు చెవి నిలిపితే మరో సంగతి తెలుస్తుంది. ఆ రొద నిలకడగా ఉండదు. వూఁ అని లేస్తుంది, తగ్గుతుంది, మళ్లీ లేస్తుంది. అలలాగా వస్తుంది, పోతుంది. ఆ అల మొదటి మోటారుది కాదు, రెండోదానిదీ కాదు. రెండింటి మధ్యా పుట్టింది.

ఎందుకు పుడుతుందో చెప్తాను. చెట్టుకు రెండు ఉయ్యాలలు కట్టారనుకోండి. ఇద్దరు పిల్లలు ఒక్కసారే ఊగడం మొదలుపెట్టారు. ఒక ఉయ్యాల తాడు వెంట్రుకవాసి పొట్టిది. మొదట ఇద్దరూ కలిసి ముందుకు వస్తారు, కలిసి వెనక్కు పోతారు. ఒక నిమిషానికి తేడా వస్తుంది. ఒకరు ముందుకు వస్తే ఇంకొకరు వెనక ఉంటారు. ఇంకాసేపటికి మళ్లీ కలుస్తారు. శబ్దాలూ అంతే. ఒక తీగ సెకనుకు 240 సార్లు కంపిస్తోంది. పక్క తీగ 242 సార్లు కంపిస్తోంది. ఆ రెండూ సెకనుకు రెండుసార్లు కలుస్తాయి, రెండుసార్లు విడిపోతాయి. కలిసినప్పుడు శబ్దం లేస్తుంది, విడిపోయినప్పుడు తగ్గుతుంది. అదే ఆ అల.

వీణకో, వయొలిన్‌కో, తంబురకో శ్రుతి చేసేవాళ్లు వినేది ఈ అలనే. బిరడా తిప్పుతూ ఉంటే అల నెమ్మదిస్తుంది. నెమ్మదించిందంటే శ్రుతి దగ్గరపడిందన్నమాట. అల ఆగిపోయిందంటే రెండు తీగలూ కలిసిపోయాయన్నమాట. ఎవరైనా ఆ అలను పోగొట్టడానికే శ్రుతి చేస్తారు.

ఆ అలను నిలిపి ఉంచడానికి శ్రుతి చేయించే ఒక స్వరకర్త ఉన్నారు. ఆస్ట్రియా దేశస్థులు. పేరు గేయోర్గ్ ఫ్రీడ్రిఖ్ హాస్. ఈ రోజు మీకు ఆయన గురించి చెప్పాలని వచ్చాను. ఆయన గురించి చెప్పడమంటే, నిజానికి, మన చెవి గురించి చెప్పడమే.

ఆస్ట్రియా అనగానే మనకు గుర్తొచ్చేది మోజార్ట్, షూబర్ట్. రెండు వందల ఏళ్ల నాటి పేర్లు. హాస్ మన కాలం వారు. 1953 ఆగస్టు 16న గ్రాట్స్ నగరంలో పుట్టారు. పెరిగింది మాత్రం దేశానికి పడమటి కొసన, స్విట్జర్లాండ్ సరిహద్దుకు దగ్గర్లో. ఫోరార్ల్‌బెర్గ్ రాష్ట్రంలో, ఆల్ప్స్ కొండల మధ్య చాగ్గున్స్ అనే ఊరు. మనం ఆ కొండల్ని క్యాలెండర్లలో చూసి ఎంత అందమో అనుకుంటాం. ఆ పిల్లవాడికి అవి అందంగా కనిపించలేదు. ఇరుకు లోయ. ఎండ సరిగా పడదు. కొండలు మీదికి వస్తున్నట్టు అనిపించేవట. ప్రకృతి అంటే ఆయనకు మొదట పరిచయమైంది ఒక చీకటి శక్తిగానే.

ఇంకొకటి కూడా ఉంది. ఆ ఊరి యాస ఆయనకు పట్టుబడలేదు. తన తర్వాతి తోబుట్టువులకు వచ్చింది, ఈయనకు రాలేదు. ఊరంతా క్యాథలిక్కులు, వీళ్లది ప్రొటెస్టెంట్ కుటుంబం. నోరు తెరిస్తే చాలు, బయటివాడని తెలిసిపోతుంది. యాస తేడా చిన్నదే కావచ్చు. ఆ కాస్త తేడా మనిషిని ఎంత దూరం నిలబెడుతుందో బడిలో ఆ బాధ పడ్డవాళ్లకు తెలుసు. అతి చిన్న తేడాల్ని వినే చెవి ఈయనకు అక్కడే అలవడిందేమో అని నాకనిపిస్తుంది. ఇది నా ఊహే, ఆయన అన్న మాట కాదు.

గ్రాట్స్‌లో సంగీతం చదువుకున్నారు. పియానో నేర్చుకున్నారు, స్వరరచన నేర్చుకున్నారు. తర్వాత వియన్నా వెళ్లి స్వరకర్త ఫ్రీడ్రిఖ్ త్సెర్హా దగ్గర శిష్యరికం చేశారు. గ్రాట్స్‌లోనే ఎన్నో ఏళ్లు పాఠాలు చెప్పారు. ఆ తర్వాత స్విట్జర్లాండ్‌లోని బాజెల్‌లో చెప్పారు. 2013లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా చేరారు. 2007లో ఆస్ట్రియా ప్రభుత్వం కళలకు ఇచ్చే అత్యున్నత పురస్కారం ఆయనకు దక్కింది. జీవితచరిత్రలో ఈ భాగం ఇంతే. మిగతాదంతా చెవికి సంబంధించింది.

ఇప్పుడు పియానో సంగతి చూద్దాం. మీలో చాలామంది పియానో దగ్గర కూర్చుని ఉండకపోవచ్చు. హార్మోనియం తెలుసు కదా. మెట్ల అమరిక రెండింటికీ ఒకటే. షడ్జం నుంచి పై షడ్జం దాకా పన్నెండు మెట్లు. మెట్టుకూ మెట్టుకూ దూరం సమానం. ఈ మెట్టు మీద ఒక స్వరం, ఆ మెట్టు మీద ఇంకో స్వరం. మధ్యలో ఏమీ లేదు.

ఇళ్ల ముందు చూడండి. ఎక్కడానికి మూడు మెట్లు ఉంటాయి. ఆ పక్కనే స్కూటర్ ఎక్కించుకోవడానికి సిమెంటుతో ఒక వాలు కట్టించుకుంటారు. మెట్ల మీద అడుగు ఇక్కడ పడాలి, లేదా అక్కడ పడాలి. వాలు మీద ఎక్కడైనా ఆగొచ్చు. హార్మోనియం మెట్ల దారి. గొంతు, వయొలిన్, వీణ వాలు దారి. తోడి రాగంలో గాంధారాన్ని ఊపుతూ పాడతామే, ఆ ఊపు అంతా వాలు మీద నడకే. దాన్ని హార్మోనియం మెట్ల మీద పెట్టడం కుదరదు.

ఈ కారణంతోనే మన రేడియో ఒకప్పుడు హార్మోనియాన్ని పక్కన పెట్టింది. 1940లో ఆకాశవాణిలో హార్మోనియం వాడకూడదన్నారు. 1971 దాకా ఆ నిషేధం సాగింది. పాపం హార్మోనియం విద్వాంసులు మూడు దశాబ్దాలు స్టూడియో బయటే ఉండిపోయారు. అది వాళ్లకు జరిగిన అన్యాయమేనని నా అభిప్రాయం. వాద్యం పరిమితికి మనుషుల్ని శిక్షించారు. అయితే ఆ నిషేధం వెనక ఉన్న సంగీత ప్రశ్న మాత్రం నిజమైనది. రెండు మెట్ల మధ్య ఉన్నదాన్ని ఏం చేయాలి?

హాస్ అదే ప్రశ్నను పియానోతోనే అడిగారు. మెట్ల వాద్యాన్ని బయటికి పంపలేదు. దానికి తోడుగా మరికొన్ని మెట్ల వాద్యాల్ని తెచ్చారు. 2010లో ఒక కృతి రాశారు. అందులో ఒక వాద్యబృందం ఉంటుంది, దానితోపాటు ఆరు పియానోలు ఉంటాయి. మొదటి పియానోకు మామూలు శ్రుతి. రెండోదాన్ని ఒక మెట్టులో ఆరో వంతు తేడాతో శ్రుతి చేయించారు. మూడోదానికి ఇంకో ఆరో వంతు. అలా ఆరు పియానోలూ కలిసి ఒక మెట్టును ఆరు ముక్కలు చేస్తాయి. పన్నెండు మెట్లున్న చోట ఇప్పుడు 72 మెట్లు. అంత సన్నని మెట్లు వరసగా వినిపిస్తే చెవికి అవి మెట్లలా అనిపించవు. వాలులా అనిపిస్తాయి. పియానోల గుంపు జారుతుంది, కరుగుతుంది. పియానో జారడమేమిటి అని ఆశ్చర్యపోతాం.

అక్కడితో ఆగలేదు. 2023లో ఇటలీలోని బొల్త్సానో నగరంలో ఇంకో కృతి మొదటిసారి వినిపించారు. ఈసారి యాభై పియానోలు. ప్రతి పియానోకూ పక్క పియానోకూ అతి సన్నని తేడా. ఒక మెట్టులో యాభయ్యో వంతు. మామూలు చెవి ఆ తేడాను విడిగా పట్టుకోలేదు. పియానోల్ని శ్రోతల చుట్టూ వలయంగా పెట్టారు. మధ్యలో జనం కూర్చున్నారు. కృతి పేరుకు అర్థం పదకొండు వేల తీగలు. పియానోకు రెండు వందల ఇరవై తీగల లెక్కన యాభై పియానోలకు 11,000 అవుతాయి. నేను మొదట్లో చెప్పిన మోటార్లను గుర్తు తెచ్చుకోండి. రెండు మోటార్ల మధ్య ఒక అల పుట్టింది. మరి యాభై పియానోల మధ్య ఎన్ని అలలు పుడతాయి? గాలి మొత్తం మెరిసినట్టు అవుతుంది. ఏ పియానో కూడా ఒంటరిగా ఆ శబ్దాన్ని చేయలేదు.

అసలు విషయం మళ్లీ చెప్తాను. రెండు స్వరాల మధ్య ఖాళీ లేదు. అక్కడ కూడా సంగీతం ఉంది. అది వినపడాలంటే తొందర పనికిరాదు.

మధ్యలో ఉన్న సంగతి ఇది. మరి ఒక్క స్వరం లోపల ఏముంటుంది? దానికి తంబుర కావాలి.

తంబురకు నాలుగు తీగలు. పంచమం, రెండు సారణి తీగలు, చివర మంద్ర షడ్జం. ఆ చివరి తీగను మీటండి. మీటింది షడ్జమే. ఆ షడ్జం వెనక సన్నగా ఇంకో స్వరం పలుకుతుంది. అంతర గాంధారం. ఎవరూ మీటలేదు, ఏ తీగకూ ఆ శ్రుతి పెట్టలేదు. తనంతట తానే వస్తుంది. అందుకే పెద్దలు దాన్ని స్వయంభువు అన్నారు. నాకు చిన్నప్పుడు ఆ గాంధారం వినపడేది కాదు. ఇంట్లో పెద్దవాళ్లు "అదిగో, విను" అనేవాళ్లు. నేను వినపడినట్టు తలూపేదాన్ని. ఒకనాటి రాత్రి కరెంటు పోయింది. చీకట్లో ఊరికే తంబుర మీటుతూ కూర్చున్నాను. అప్పుడు వినపడింది. ఆ తర్వాత మళ్లీ ఎప్పుడూ వినపడకుండా పోలేదు.

తీగ మొత్తంగా ఊగుతుంది. అదే సమయంలో సగం సగంగా కూడా ఊగుతుంది. మూడు ముక్కలుగా, నాలుగు ముక్కలుగా, ఐదు ముక్కలుగా కూడా ఊగుతుంది. సగంగా ఊగినప్పుడు పై షడ్జం పలుకుతుంది. మూడు ముక్కలుగా ఊగినప్పుడు పంచమం. ఐదు ముక్కలుగా ఊగినప్పుడు ఆ స్వయంభూ గాంధారం. ఆ గాంధారం హార్మోనియం గాంధారంతో సరిపోదు. కొంచెం కింద ఉంటుంది. ఏడు ముక్కలైతే కైశికి నిషాదానికి దగ్గర్లో ఒక స్వరం వస్తుంది, అది కూడా మెట్టు కన్నా కిందే. పదకొండు ముక్కలైనప్పుడు వచ్చేది నాకు చాలా ఇష్టం. అది శుద్ధ మధ్యమం కాదు, ప్రతి మధ్యమం కాదు. సరిగ్గా రెండింటి నడుమ ఉంటుంది. శంకరాభరణానికీ కల్యాణికీ మధ్య గోడ మీద కూర్చున్నట్టు. ప్రకృతి ప్రతి తీగలోనూ ఆ స్వరాన్ని పెట్టింది. మనం దానికి పేరు పెట్టలేదు.

హాస్ సంగీతం చాలావరకు ఈ స్వయంభూ స్వరాల మీదే నిలబడుతుంది. ఆయన మన తంబుర చూసి నేర్చుకున్నారని నేను అనడం లేదు. తీగ ఎక్కడైనా తీగే. హాస్ పెరిగిన ఆల్ప్స్ కొండల్లో ఆల్ప్‌హార్న్ అని పొడవాటి చెక్క కొమ్ము ఉంటుంది. మీటల్లేవు, రంధ్రాలు లేవు. మన కొమ్ము బూరలాగే, ఊదే తీరును బట్టి ఈ సహజ స్వరాలే పలుకుతుంది. హాస్ నాలుగు ఆల్ప్‌హార్న్‌లకు ఒక పెద్ద వాద్యబృందాన్ని జతచేసి 2014లో ఒక కృతి రాశారు. చిన్నప్పుడు భయపెట్టిన కొండల వాద్యమే అది. అరవై ఏళ్ల వయసులో దాన్ని దగ్గరికి తీసుకున్నారు.

ఇక ఆయన కృతుల్లో అన్నిటికన్నా ప్రసిద్ధమైనదాని దగ్గరికి వద్దాం. పేరు ఇన్ వేన్. వృథా అని అర్థం. 2000 సంవత్సరంలో రాశారు. 24 మంది వాద్యకారులు. వ్యవధి గంటకు పైనే. 2017లో ఒక ఇటలీ సంగీత పత్రిక, ఈ శతాబ్దంలో వచ్చిన గొప్ప కృతి ఏది అని తెలిసినవాళ్లను అడిగితే అందరికన్నా ఎక్కువ ఓట్లు దీనికే వచ్చాయి.

ఇందులో ఒక విశేషం ఉంది. స్వరాలతోపాటు దీపాలు ఎప్పుడు వెలగాలో, ఎప్పుడు ఆరాలో కూడా ఆయన రాసి ఇచ్చారు. కచేరీ సాగుతుండగా దీపాలు తగ్గుతూ వస్తాయి. హాలు మొత్తం చీకటి. కన్ను పొడుచుకున్నా కానరాదు. వాద్యకారులకు కాగితం కనపడదు. బృందాన్ని నడిపే నిర్వాహకుడి చెయ్యి కనపడదు. అయినా వాయిస్తూనే ఉండాలి. ఎలా వాయిస్తారు? కంఠతా పట్టి వాయిస్తారు. పక్కవాళ్లను వింటూ వాయిస్తారు. ఇరవై నలుగురూ ఒకరినొకరు చెవితో పట్టుకుని నడుస్తారు. చీకట్లో దారి తప్పకుండా ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని నడుస్తామే, అలాగ. ఇలాంటి చీకటి రెండుసార్లు వస్తుంది. రెండోసారి మధ్యమధ్య మెరుపుల్లా వెలుగు తటాలున పడి పోతుంది.

కరెంటు పోయినప్పుడు మీ ఇంట్లో ఏం జరుగుతుందో గుర్తు చేసుకోండి. ఫ్యాను ఆగుతుంది, టీవీ ఆగుతుంది. అప్పటిదాకా లేని శబ్దాలు వస్తాయి. గోడ గడియారం టిక్కుమంటుంది. పక్కింట్లో గిన్నె కడుగుతున్న చప్పుడు. ఎక్కడో కప్పలు. ఆ శబ్దాలన్నీ ముందు నుంచీ ఉన్నాయి. కన్ను పనిలో ఉన్నంతసేపూ చెవిని పట్టించుకోలేదు మనం. హాస్ చేసిందల్లా, కచేరీ హాల్లో కావాలని కరెంటు తీసేయడమే. కన్ను ఆగింది, చెవి లేచింది.

మరి వృథా అన్న పేరెందుకు? కృతి రాసిన ఆ 2000 సంవత్సరం ఫిబ్రవరిలో ఆస్ట్రియాలో కొత్త ప్రభుత్వం వచ్చింది. అందులో తీవ్ర మితవాద పార్టీ భాగస్వామి అయింది. యూరప్ దేశాలు కలవరపడ్డాయి. యూరోపియన్ యూనియన్‌లోని మిగతా పద్నాలుగు సభ్యదేశాలు ఆస్ట్రియాతో దౌత్యసంబంధాలు తగ్గించుకున్నాయి. పోయిందనుకున్న పాతకాలం తిరిగి వస్తోందా అని హాస్ కూడా కలత పడ్డారు. ఆ కలతే కృతి నిర్మాణంలోకి వచ్చింది. మొదట్లో స్వరాలు కిందికి జారుతూ వినిపిస్తాయి. మధ్యలో ఆ సహజ స్వరాల వెలుగు వస్తుంది, ఏదో గెలిచామనిపిస్తుంది. చివరకు మళ్లీ ఆ మొదటి జారుడే వస్తుంది, ఈసారి ఇంకా వేగంగా. ఎక్కుతున్నామనుకుని తిరిగి తిరిగి కిందికే చేరే మెట్ల దారిలాగా. ఉన్నట్టుండి ఆగిపోతుంది.

ఆయనకు ఈ భయం ఊరికే రాలేదు. ఆయన పుట్టింది నాజీ భావాలు వదలని ఇంట్లో. యుద్ధం 1945లో ముగిసింది, ఆ ఇంట్లో ముగియలేదు. తాతగారు పేరున్న వాస్తుశిల్పి, నాజీ. తానూ యౌవనం దాకా ఆ నమ్మకాల మధ్యే పెరిగానని ఆయన దాచకుండా చెప్పారు. 2022లో ఆత్మకథ అచ్చువేశారు. దాని ఉపశీర్షికలో తనను తానే నాజీ పిల్లవాడు అని పిలుచుకున్నారు. డెబ్భై ఏళ్లకు దగ్గరపడిన పెద్దమనిషి, పురస్కారాలందుకున్న మనిషి, సొంత ఇంటి గురించి అంత మాట రాయడానికి ఎంత గుండె కావాలి! ఇన్ వేన్ వింటున్నప్పుడల్లా నాకు ఆ పిల్లవాడు గుర్తొస్తాడు.

చీకటితో ఆయన ఇంకా దూరం వెళ్లారు. మూడో స్ట్రింగ్ క్వార్టెట్, అంటే నాలుగు తీగ వాద్యాల కృతి, మొదటి నుంచి చివరిదాకా చీకట్లోనే. 2001లో రాశారు. కనీసం 35 నిమిషాలు. నలుగురు వాద్యకారులూ గదికి నాలుగు మూలల్లో కూర్చుంటారు. శ్రోతలు మధ్యలో. ఒకరు ఒక శబ్దాన్ని పంపుతారు, అది పిలుపు. మిగతావాళ్లు దాన్ని అందుకోవచ్చు, కాదనవచ్చు. పొలాల్లో దూరదూరంగా ఉన్నవాళ్లు కూత వేసుకోవడం విన్నాం కదా. ఇటునుంచి ఓయ్ అంటే అటునుంచి ఓయ్. అలాంటి మాటామంతీ. మధ్యలో జెజువాల్డో అనే పాత ఇటలీ స్వరకర్త సంగీతం కాస్త వినవస్తుంది. 1611లో అచ్చయిన ఆ సంగీతం ఈస్టర్ ముందు వారంలో చర్చిలో కొవ్వొత్తులు ఒక్కొక్కటే ఆర్పుతూ చేసే ఆరాధన కోసం రాసింది.

ఒపేరాలు కూడా చాలా రాశారు. నార్వే రచయిత యోన్ ఫోసే రచనలతో రెండు చేశారు. ఒకటి 2008లో పారిస్‌లో, ఒకటి 2015లో లండన్‌లో ప్రదర్శించారు. ఫోసేకు తర్వాత నోబెల్ బహుమతి వచ్చింది. నా మటుకు నాకు ఈయన ఒపేరాలకన్నా వాద్యకృతులే దగ్గరగా అనిపిస్తాయి. మాట వచ్చేసరికి చెవి అర్థం వెంట పరిగెడుతుంది. స్వరం లోపలికి పోదు.

ఒక మాట దాచకుండా చెప్తాను. మొదటిసారి ఇన్ వేన్ విన్నప్పుడు నాకు నచ్చలేదు. పట్టపగలు, వంటింట్లో పని చేసుకుంటూ విన్నాను. ఏదో గోల అనిపించింది. పది నిమిషాలకు ఆపేశాను. కొన్నాళ్లకు రాత్రిపూట, దీపం ఆర్పేసి, ఏ పనీ పెట్టుకోకుండా విన్నాను. అదే రికార్డు. ఈసారి కూర్చున్న చోటి నుంచి కదలలేకపోయాను. సంగీతం మారలేదు. నేను విన్న తీరు మారింది.

అందుకే మీకు ఈ రాత్రికి ఒక పని చెప్తాను. ఖర్చు లేని పని. ఇంట్లో తంబుర ఉంటే సరే. లేకపోతే ఫోనులో తంబుర శ్రుతి వస్తుంది. అది కూడా వద్దనుకుంటే ఫ్యాను చప్పుడైనా చాలు. దీపం ఆర్పండి. పది నిమిషాలు ఆ ఒక్క శబ్దాన్నే వినండి. మొదటి రెండు నిమిషాలు విసుగు వస్తుంది. రానివ్వండి. తర్వాత అది ఒక్క శబ్దం కాదని తెలుస్తుంది. పైన సన్నగా ఒకటి, లోపల అలలా ఒకటి. పిల్లల్ని కూడా కూర్చోబెట్టండి. వాళ్లకు మనకన్నా ముందే వినపడుతుంది.

రెండు స్వరాల మధ్య ఖాళీ లేదు. ఒక్క స్వరం ఒంటరిగా ఉండదు. ఈ రెండు మాటలూ గుర్తుంటే హాస్ సంగీతం ఎక్కడ దొరికినా మీకు కొత్తగా ఉండదు.

నాకిచ్చిన సమయంలో ఇంకొక నిమిషం మిగిలింది. అందులో నేను మాట్లాడను. ఈ స్టూడియోలో నా పక్కన తంబుర ఉంది. మంద్ర షడ్జాన్ని మాత్రమే మీటుతాను. వీలైతే మీ గదిలో దీపం ఆర్పేయండి. గాంధారం కోసం వినండి.

(తంబుర. మంద్ర షడ్జం, ఒక నిమిషం.)